మంచులో మామ్మ

మన తెలుగులో మంచుతో ఒక చిక్కుంది. తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచేదీ మంచే. పొలాల మీద పొగలా పాకేదీ మంచే. హిమాలయాల మీద పడేదీ మంచే. హిమమనీ, తుహినమనీ, నీహారమనీ, ప్రాలేయమనీ నిఘంటువులో ఇన్ని పేర్లున్నా, వాటిని పద్యాల్లో గణాలకి సరిపెట్టుకోడానికి వాడుకున్నామే గాని, ఏది దేనికని విడదీసి చూసే అవసరం మనకి రాలేదు. వస్తే గదా! గోదావరి పక్కన పుట్టి పెరిగినవాళ్ళకి మంచంటే ధనుర్మాసంలో పొద్దున్న ఏడింటిదాకా ఉండి, ఎండ తగలగానే చెప్పకుండా వెళ్ళిపోయే చుట్టం.

ఫ్రాన్సులో కొండల మీద కాపరమున్నవాళ్ళకి అలా కుదరదు. ఆకాశంలోంచి పడేది ‘నేజ్’. గడ్డకట్టుకుపోయింది ‘గ్లాస్’. చెట్లకొమ్మలకి సూదుల్లా పట్టేది ‘జీవ్ర్’. రోడ్డుమీద అద్దంలా పరుచుకుని, కంటికి ఆనకుండా మనిషిని వెల్లకిలా పడేసేది ‘వెర్‌గ్లా’. రాత్రి పడి, పొద్దున్నకి ఇంకా ఎవరూ తొక్కని వరిపిండి లాంటిది ‘పూద్రూజ్’. ఈ పాఠం నాకు చెప్పింది మా మేనకోడలు. దానికి ఆరేళ్ళు. చెప్పి ఊరుకోలేదు, రోజూ పొద్దున్నే నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి పరీక్ష పెట్టేది. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి పరీక్షలు పెడుతున్నదాన్ని, ఈ బల్లకి అటువైపు నిలబడితే కాళ్ళెలా వణుకుతాయో ఆ పదిహేడు రోజుల్లో తెలుసుకున్నాను. చలికి కూడా వణికాయనుకోండి.

మా తమ్ముడు గ్రెనోబుల్లో ఉంటున్నాడు. చుట్టూ మూడు పర్వతపంక్తులు, మధ్య పళ్ళెంలాంటి ఊరు. 1968లో శీతకాలపు ఒలింపిక్సు జరిగింది అక్కడే. పైచదువుకని వెళ్ళినవాడు ఉద్యోగమూ అక్కడే చూసుకున్నాడు, తొమ్మిదేళ్ళ క్రితం పిల్లనీ అక్కడే చూసుకున్నాడు. పెళ్ళికి మా వైపునుంచి ఎవరూ వెళ్ళలేదు. నాన్న వెళ్ళనన్నారు. అమ్మ ఏమీ అనలేదు. నాన్నకి మనుచరిత్ర కంఠోపాఠం. “ఆ ప్రవరుడు కాళ్ళకి రాసుకున్న పసరు మంచులో కరిగిపోయి, దారి తెలియక హిమాలయంలో చిక్కుబడ్డాడు. అయినా వరూధిని ఎంత బతిమాలినా ఇల్లే గుర్తుపెట్టుకున్నాడు. మనవాడికి పసరు కరగనేలేదు, దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు” అనేవారు. ఎగతాళిగానే అనేవారు గాని, ఆ మాట అన్నరోజున మళ్ళీ పుస్తకం తెరిచేవారు కాదు.

నాన్న పోయి మూడేళ్ళు దాటాక, 2024 వినాయకచవితినాడు పత్రి ఏరుతూ అమ్మ ఉన్నట్టుండి, “అమ్మాయ్, వాళ్ళ ఊళ్ళో చలి ఎప్పుడెక్కువే?” అంది. డిసెంబరు, జనవరి అన్నాను.

“అయితే అప్పుడే వెడదాం. ఎండాకాలంలో వెడితే సుఖానికొచ్చింది అనుకుంటారు.”

ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. నేను ఎదురుచెప్పలేదు. చెప్పినా వినే ఘట్టం కాదది.

డిసెంబరు 21న జెనీవాలో విమానం దిగాం. తమ్ముడూ, మరదలూ కారు తెచ్చారు. అంతకుముందు ఫోనులో ముఖాలు చూసుకున్నవాళ్ళే గాని, అత్తా కోడలూ ఎదురెదురుగా నిలబడడం అదే మొదలు. మరదలు ముందుకొచ్చి, “బాగున్నారా అత్తయ్యగారూ? ప్రయాణం బాగా జరిగిందా?” అంది, పద్యం అప్పజెప్పే పిల్లలా మధ్యలో ఊపిరి తీసుకోకుండా. అమ్మ “ఆఁ, ఆఁ” అని, నావైపు తిరిగి, “ఇంత చలిలో చేతులకేం వేసుకోలేదేమే ఆ పిల్ల?” అంది. కోడలితో ఆవిడ ఆడిన మొదటిమాట అదీ, నాద్వారా.

గ్రెనోబుల్ కి వెళ్ళకుండా తిన్నగా మరదలి పుట్టింటికే దారితీశాం. సావ్వా జిల్లాలో బోఫోర్ అనే ఊరుంది. దానికి ఎగువన, సుమారు 1100 మీటర్ల ఎత్తున ఉన్న పల్లె. ఆ రోజుతో అక్కడి బడులకి క్రిస్మస్ సెలవులు మొదలు. దేశంలో సగంమంది కార్లన్నీ కొండలవైపే బయల్దేరాయా అన్నట్టుంది. ఇలాంటి రోజుల్లో ఏ రోడ్డు ఎంత కిక్కిరిసి ఉంటుందో ప్రభుత్వంవారే ముందుగా రంగులువేసి చెబుతారు: పచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. 1976 నుంచీ నడుస్తున్న ఆ ఏర్పాటుకి పేరు ‘బిజోఁ ఫ్యుతే’ – అంటే జిత్తులమారి అడవిదున్న! ప్రభుత్వ శాఖకి అలాంటి పేరుపెట్టే ధైర్యం నాకు నచ్చింది. కొండజిల్లాల్లో 2021 నుంచీ ఇంకో నియమముంది. ప్రభుత్వం గుర్తించిన ఊళ్ళలో నవంబరు 1 మొదలు మార్చి 31 దాకా మంచు టైర్లన్నా వేసుకోవాలి, చక్రాలకి చుట్టే గొలుసులన్నా వెంటపెట్టుకోవాలి. తమ్ముడు రెండూ చేశాడు. అమ్మ కారులో కూర్చున్నంతసేపూ విష్ణుసహస్రనామం చదువుకుంది గనుక మాకు మూడు రక్షణలు.

ఇంటిముందు కారు ఆగేసరికి సాయంత్రం నాలుగున్నర, చీకటి పడబోతోంది. మోకాలెత్తు మంచులో ఎర్రకోటు వేసుకున్న పిల్ల ఒకతి ఆడుకుంటోంది. కారు చూడగానే “మామీ! మామీ!” అని కేకలుపెడుతూ పరుగెత్తుకొచ్చింది. మా గోదావరివైపు నాయనమ్మని ‘మామ్మ’ అంటాం. అమ్మ ముఖం ఒక్కసారి వికసించింది. అప్పుడే కారులోంచి ఒక కాలు కిందపెట్టి, చీర కుచ్చెళ్ళు వదిలేసి, రెండుచేతులూ చాచింది. పిల్ల ఆవిడ పక్కనుంచే దూసుకుపోయి, గుమ్మంలో నిలబడ్డ పొడుగాటి ముసలావిడ నడుం పట్టుకుని, వీళ్ళొచ్చారని చెప్పింది. ఫ్రెంచిలో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా ‘మామీ’ అంటారని నాకు అప్పటికి తెలుసు. అమ్మకి చెప్పాలని తోచలేదు. ఆవిడ చాచిన చేతుల్ని, చలికన్నట్టు, మెల్లిగా శాలువాలోకి లాక్కుంది.

ఆ పిల్లే నా దగ్గరికొచ్చి, ముచ్చటగా తలవంచి, “బోంజూర్, తాతా!” అంది. అత్తనీ పిన్నినీ అక్కడి పిల్లలు ముద్దుగా అలా పిలుస్తారట. నలభయ్యారేళ్ళకే తాతనయిపోయాను. అమ్మ నవ్వింది. ఆ నేల మీద ఆవిడ నవ్విన మొదటి నవ్వు అది గనుక, నేను కాదనకుండా ఆ పదవి పుచ్చుకున్నాను.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ప్రాంతంలో పాతకాలపు ఇళ్ళు కట్టిన పద్ధతే చలికి జవాబు. కింద రాతిగోడలతో పశువులకొట్టం. దానికి ఆనుకునో పైనో మనుషులుండే గదులు. ఆపైన కప్పుకింద ఎండుగడ్డి. పశువుల ఒంటివేడి కిందినుంచి, గడ్డిమోపుల అడ్డు పైనుంచి, మధ్యలో సంసారం. మా వియ్యపురాలి ఇంట్లో ఇప్పుడు కొట్టం లేదు, దాన్ని వంటిల్లు చేసుకున్నారు. ఆవిడ చిన్నప్పుడు ఆవుల పక్కనే పడుకున్నదట. ఆవులింకా పక్కింటివాళ్ళకున్నాయి. తారీన్ అని కపిలవర్ణం జాతి. కళ్ళకి కాటుకపెట్టినట్టు నల్లటి అంచులు. చలికాలమంతా కొట్టంలోనే ఉంటాయి, ఎండాకాలం కొండమీది పచ్చికబయళ్ళకి ఎక్కుతాయి. మర్నాడు అమ్మ వాటిని చూడడానికి వెళ్ళి, ఒక ఆవు గంగడోలు నిమురుతూ అరగంట నిలబడింది. “వీటికి ఫ్రెంచి అక్కర్లేదు” అంది బయటికొచ్చాక.

మా వియ్యపురాలికి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. అమ్మకి తెలుగు తప్ప రాదు. మొదటి రెండురోజులూ ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, రైల్లో ఒకే పెట్టెలో పడ్డ పెద్దమనుషుల్లా మర్యాదగా నవ్వుకున్నారు.

మూడోరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. రాత్రంతా మంచు కురిసింది. కొత్తగా పడ్డ మంచు శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. రేకుల మధ్యనున్న గాలి సందుల్లో చప్పుడు ఇంకిపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉంటుందంటే, మనిషికి దానికే మెలకువ వస్తుంది. వాకిట్లో ఏదో గీరుతున్న చప్పుడైతే కిటికీలోంచి చూశాను. వియ్యపురాలు మెట్లమీది మంచు పారతో తోసేసి, బకెట్టులోంచి పొయ్యిబూడిద తీసి చల్లుతోంది. జారకుండా ఉండడానికి అలా చల్లుకోవడం అక్కడి ఆనవాయితీ. కాని అమ్మ కళ్ళకి అలా కనబడలేదు. తెల్లవారకముందే లేచి, వాకిలి శుభ్రం చేసుకుని, వంగి పిడికిటితో పొడి చల్లుతున్న ఆడమనిషి కనబడింది. అంతే! నేను కోటు వెతుక్కునేలోగా ఆవిడ లోపల రెండు స్వెట్టర్లు, పైన ఆరుగజాల చీర, కాళ్ళకి కొడుకు మంచుబూట్లు వేసుకుని, ముగ్గుడబ్బా పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ధనుర్మాసం కదా అని ఆ డబ్బా ఆవిడ సామానులో చీరలకన్న ముందే సర్దుకుంది.

పదకొండు చుక్కలు పెట్టింది. ఒక్కటి కనబడితే ఒట్టు. తెల్లటి మంచుమీద తెల్లటి పిండి! అమ్మ వెనక్కి అడుగువేసి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, నడుంమీద చెయ్యివేసుకుని నిలబడింది. వియ్యపురాలు కూడా చూసింది. ఆవిడకేం అర్థమైందో గాని, పార గోడకి ఆనించి, బూడిదబకెట్టు తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

అమ్మ కాసేపు ఆలోచించింది. బూడిదతో ముగ్గు వెయ్యొచ్చునా అన్న ధర్మసందేహం నాకు ఆవిడ భుజాల్లో కనబడింది. తరవాత, విభూతి మాత్రం బూడిద కాదా అనుకుందేమో, వంగి చుక్క పెట్టింది. మంచుమీద బూడిదరంగు ముగ్గు ఎంత స్పష్టంగా తేలిందో! సిమెంటు గచ్చుమీద ఏ తెల్లపిండీ అలా తేలదు. వియ్యపురాలు టార్చిలైటు పట్టింది. మధ్యలో అమ్మ పసుపూ కుంకుమా అద్దింది. ఎనిమిదింటికి పసుపుపచ్చ బండిలో టపామనిషి వచ్చి, వాకిట్లోది చూసి, దాని చుట్టూ తిరిగి మోకాలిలోతు మంచులోంచి వెళ్ళి ఉత్తరాలిచ్చాడు.

ఆ రాత్రి మళ్ళీ మంచుపడి ముగ్గంతా కప్పేసింది. మర్నాడు అమ్మ మళ్ళీ వేసింది. అయిదోరోజుకి చుక్కలు వియ్యపురాలు పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ చుక్కల వరస అమ్మ వరసకన్న తిన్నగా ఉండేదని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు.

తిండి దగ్గర మాత్రం మొదట్లోనే గండం వచ్చింది. ఆ దేశంలో చలికాలపు భోజనమంటే చీజే. బోఫోర్ చీజు చక్రం ఒకటి 40 కిలోలుంటుంది. ఒక్కొక్క కిలోకి సుమారు పది లీటర్ల పాలు పడతాయి. రెబ్లొషోఁ అని ఇంకొకటుంది. దాని కథ చెబితే మన రైతులు సంతోషిస్తారు. పూర్వం అక్కడ భూస్వామికి ఎన్ని పాలు పిండితే అంత లెక్కన శిస్తు కట్టాలి. కొలత వేసే మనిషి వచ్చినరోజున రైతులు పొదుగు పూర్తిగా పితక్కుండా ఆపేసేవారు. అతను వెళ్ళాక రెండోసారి పితికేవారు. ఆ రెండోపాలు వెన్నతో చిక్కగా ఉండేవి. దాంతో చేసుకున్న చీజది. రెండోసారి పితకడం అనే మాటలోంచే దానికి ఆ పేరొచ్చింది.

మొదటిరోజు రాత్రే బల్లమీద ఇవన్నీ పెట్టారు. అమ్మ, పాలే కదా అని చెయ్యి చాచబోయింది. మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, తమ్ముడితో ఏదో చెప్పింది. తమ్ముడు నసిగాడు. మరదలు మళ్ళీ గట్టిగా చెప్పింది. చివరికి వాడన్నాడు: “అమ్మా, పెరుక్కి తోడు వేసినట్టు చీజుకి ఒకటి వేస్తారు. ఈ పాతరకం చీజుల్లో వేసేది పాలుతాగే దూడ కడుపులోంచి తీసింది. నువ్వు తినకూడదంటోంది.”

బల్లచుట్టూ ఎవరూ మాట్లాడలేదు. వియ్యపురాలికి విషయం తెలిసి, తన పళ్ళెంకేసి చూసుకుంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, అన్నంలో పెరుగు కలుపుకుని తింది. పడుకోబోయేముందు నాతో, “చెప్పకపోతే తినేదాన్నే కదే” అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నేను దీపం ఆర్పాక చాలాసేపటికి, “వాడు నసిగాడు చూశావా?” అంది చీకట్లోంచి.

తరవాత తెలిసింది, మరదలు నెల్లాళ్ళ ముందునుంచీ డబ్బాలమీది చిన్న అక్షరాలు చదువుతోందని. సూక్ష్మజీవులనుంచి తీసిన తోడుతో చేసే చీజులు కూడా దొరుకుతాయి. అలాంటిదొకటి గ్రెనోబుల్లో వెతికి తెచ్చిపెట్టుకుంది. క్రిస్మస్ మర్నాడు దాంతో ‘రాక్లెట్’ చేశారు. బల్లమధ్య కరెంటు పొయ్యి. మనిషికొక బుల్లి పెనం. చీజుముక్క కరిగించుకుని, ఉడికించిన బంగాళాదుంపలమీద ఒంపుకుని, పక్కన పుల్లటి దోసకాయ ఊరగాయ నంజుకుంటారు. ఇదసలు రాక్లెట్టే కాదని వియ్యపురాలు ముఖం చిట్లించింది. తరతరాలుగా ఆవులు కాచినవాళ్ళమ్మాయి గదా! అమ్మ ఏం మాట్లాడకుండా మాగాయ సీసా మూత తీసింది. వియ్యపురాలు ఒక పెచ్చు నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, రెండో పెచ్చుకి చెయ్యి చాచింది. మేం తిరిగి వచ్చేనాటికి సీసాలో నూనె మిగిలింది.

క్రిస్మస్‌కి ముందురాత్రి విందు చేసుకుంటారు. చివర్లో కట్టెదుంగ ఆకారంలో కేకు వస్తుంది. పూర్వం నిజం దుంగనే పొయ్యిలో వేసి, పండగ రోజుల్లో ఆరకుండా మండించేవారట. ఆ బూడిద దాచుకుంటే పిడుగులు పడవని నమ్మకం. తమ్ముడు ఇది చెబుతుంటే అమ్మ, “మరి భోగిమంటని చెప్పవేరా వాళ్ళకి!” అని వాడిని మందలించింది. వాడు చెప్పాడు. తొమ్మిదేళ్ళలో భోగిమంట గురించి అత్తవారికి వాడెన్నడూ చెప్పలేదట.

పగళ్ళు మాత్రం మేనకోడలివే. దానికి స్కీ బడి. ఎర్రకోట్ల మాస్టర్లు, ఎదర బాతుపిల్లల్లా వరసగా పిల్లలు. ఎలుగుపిల్ల, మంచురేకు, మొదటి నక్షత్రం అని తరగతులు. మాది ఆ ఏడు మంచురేకు. ఈ సరదా అందరిదీ కాదు, ఖర్చుతో కూడింది. ఫ్రాన్సులో చాలామంది పిల్లలు స్కీ కట్టకుండానే పెద్దవాళ్ళవుతారు. అయినా దాన్ని సామాన్యుడికి దగ్గరగా తీసుకురావాలని వాళ్ళు పడ్డ పాట్లున్నాయి. 1936లో పనివాళ్ళకి జీతంతో రెండు వారాల సెలవు చట్టమైంది. అది పెరుగుతూ 1982కి అయిదు వారాలైంది. 1953లో పారిసు పక్కనున్న వాన్వ్ బడిపిల్లల్ని సావ్వా కొండలకి తీసుకెళ్ళి, పొద్దున్న పాఠాలు, మధ్యాహ్నం మంచులో ఆటలు – ‘మంచు తరగతి’ అన్నారు దాన్ని. ఫిబ్రవరి సెలవులకైతే దేశాన్ని మూడు మండలాలు చేసి, వారాలు మార్చి సెలవులిస్తారు, అందరూ ఒకేసారి కొండమీద పడకుండా. మన సంక్రాంతి రైళ్ళు గుర్తొచ్చాయి నాకు. నేను స్కీ కట్టలేదు. చెక్కబండి మీద కూర్చుని జారాను, మూడుసార్లు. మూడోసారి నా వెనక అమ్మ కూర్చుంది. ఆ ఫోటో మా వారికి పంపలేదు.

ఒకరోజు షామొనీ వెళ్ళాం. 1924లో మొట్టమొదటి శీతకాలపు ఒలింపిక్సు జరిగిన ఊరు. ఊరిమీదికి ఒరిగినట్టు మోఁ బ్లాఁ శిఖరం. 4800 మీటర్లపైన ఎత్తు. పేరుకి అర్థం తెల్లకొండ – మన ధవళగిరే. 1786 ఆగస్టు 8న ఒక వైద్యుడూ, ఒక స్ఫటికాలు ఏరుకునేవాడూ మొదటిసారి దానిమీదికెక్కారు. ఇవన్నీ తమ్ముడు చెబుతున్నాడు. అమ్మ వినడంలేదు. “హోమీ భాభా పోయింది ఈ కొండమీదేనా?” అంది.

తమ్ముడికి తెలుసు గాని అమ్మకి తెలుస్తుందనుకోలేదు. 1966 జనవరి 24. బొంబాయినుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ విమానం, పేరు కాంచనజంఘ, జెనీవాలో దిగవలసింది, ఈ కొండకి కొట్టుకుంది. 117 మందీ పోయారు. వారిలో వియన్నా సమావేశానికి వెడుతున్న భాభా ఒకరు. అప్పటికి అమ్మకి పద్నాలుగో ఏడు. మా తాతగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆ నెలలోనే లాల్ బహదూర్ శాస్త్రిగారు పోయారు. సరిగ్గా ఆ రోజునే ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసింది. రేడియోలో రెండో వార్త వినగానే తాతగారు బడికి వెళ్ళి, నల్లబల్లమీద ముందురోజు తను వేసిన పరమాణువు బొమ్మ చెరపవద్దని పిల్లలకి చెప్పి, ఏడుస్తూ ఇంటికొచ్చేశారట. అమ్మ ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

అంతకుముందు 1950 నవంబరు 3న కూడా ఎయిర్ ఇండియా విమానమే, మలబార్ ప్రిన్సెస్, అదే కొండమీద కూలి 48 మంది పోయారు. వాళ్ళకోసం పైకెక్కిన రెనే పాయో అనే షామొనీ మార్గదర్శి మంచుబీటలో పడి మరణించాడు. కొండ ఏదీ ఉంచుకోదు. బోసోఁ హిమానీనదం ఏటికేడాది కిందికి జరుగుతూ, తనలో పడ్డవాటిని ఒక్కొక్కటే తెచ్చి అడుగున పెడుతుంది. 2012లో భారత ప్రభుత్వపు ఉత్తరాల సంచి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలూ, నీలాలూ, కెంపులూ ఉన్న పెట్టె దొరికితే, పోలీసులకి అప్పగించాడు. 2021లో సగం అతనికీ, సగం ఊరికీ పంచారు. 2020లో కొన్ని వార్తాపత్రికలు దొరికాయి. 1966 జనవరివి. ఇందిరాగాంధీ ప్రధాని కాబోతోందన్న వార్త ఇంకా చదవడానికి వీలుగానే ఉందట. అమ్మ ఆ తెల్లటి నాలుకలాంటి నదికేసి చూస్తూ, “కొడుకుల్ని దూరం పంపినవాళ్ళు ఎంతమందున్నారో అందులో” అంది. తమ్ముడు ఆవిడ శాలువా సరిచేశాడు.

ఆ నదులు కూడా కరిగిపోతున్నాయి. అక్కడే ‘మంచుసముద్రం’ అని పేరున్న హిమానీనదం మీదికి 1988లో తీగబండి వేసినప్పుడు దిగగానే రెండు మూడు మెట్లలో మంచు తగిలేది. తరవాత్తరవాత 500 పైచిలుకు మెట్లు దిగవలసివచ్చింది. చివరికి 2024లో ఇంకా ఎగువన కొత్త తీగబండి కట్టుకున్నారు. గ్రెనోబుల్ పక్కన కోల్ ద పోర్త్ అనేచోట, 1325 మీటర్ల ఎత్తున, 1960 ప్రాంతాలనుంచీ మంచులోతు కొలుస్తున్నారు. మొదటి ముప్ఫయ్యేళ్ళ సగటుకీ తరవాతి ముప్ఫయ్యేళ్ళ సగటుకీ సుమారు 40 సెంటీమీటర్లు తగ్గింది. వియ్యపురాలు లెక్కలు చెప్పలేదు. వంటింటి కిటికీ చూపించి, పై చట్రందగ్గర వేలుపెట్టి, తన చిన్నప్పుడు ఇక్కడిదాకా అంది. తరవాత వేలు కిటికీ కిందికి దించి, ఇప్పుడు ఇక్కడ అంది. అమ్మ తలూపి, మా కాలవ గట్టుదాకా నీళ్ళు వచ్చిన రోజులగురించి తెలుగులో చాలాసేపు చెప్పింది. ఇద్దరూ ఒకరిమాట ఒకరు విన్నారు.

జనవరి 5 ఆదివారం. మర్నాడు బడి తెరుస్తారు, ఎల్లుండి మా ప్రయాణం. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఇంటింటా ‘రాజుల గలెత్’ కోసుకుంటారు. పొరలుపొరలుగా గుండ్రటి రొట్టె, లోపల బాదం పూర్ణం. అందులో ఒక వస్తువు దాస్తారు. పూర్వం చిక్కుడుగింజ, ఇప్పుడు పింగాణీ బొమ్మ. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ పూట రాజో రాణో. పక్షపాతం లేకుండా ఉండడానికి ఇంట్లో అందరికన్న చిన్నపిల్లని బల్లకింద కూర్చోబెడతారు. పెద్దవాళ్ళు ముక్క కోసి, ఇది ఎవరికి అని అడగాలి. అది కిందినుంచి పేరు చెప్పాలి. మరదలు ఆ గలెత్ గుడ్డు తగలకుండా చేసింది; పైన మెరుపుకి కూడా పాలే రాసింది.

కత్తి వియ్యపురాలి చేతిలో ఉంది. మొదటి ముక్క “పాపాకి” అంది కిందినుంచి గొంతు. తమ్ముడికిచ్చారు. రెండోది “తాతాకి”. నేను పుచ్చుకున్నాను. మూడోది కోస్తూ వియ్యపురాలి కత్తి ఒక్కక్షణం ఆగి, కొంచెం పక్కకి జరిగి దిగింది. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

“ఇది?”

“మామీకి!”

వియ్యపురాలు కదలకుండా నిలబడింది. “ఏ మామీకి?” అంది.

బల్లకింద నిశ్శబ్దం. అమ్మ పళ్ళెంకేసి చూస్తూ కూర్చుంది. తరవాత నెమ్మదిగా, పెదవులు రెండూ గట్టిగా అదిమి, రెండు మకారాలూ దేనికది తెలిసేట్టు వచ్చింది మాట:

“మామ్మకి.”

దానికి ఆ ఒత్తు ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో నాకు తెలియదు. నేను మాత్రం కాదు. మరదలు తల పక్కకి తిప్పుకుంది.

అమ్మ ముక్కలో పంటికింద ఏదో కలుక్కుమంది. తీసిచూస్తే పింగాణీ ఆవుదూడ. చప్పట్లు. పిల్ల బల్లకిందినుంచి పాక్కుంటూ వచ్చి, గిల్టుకాగితం కిరీటం పట్టుకుని కుర్చీ ఎక్కింది. అమ్మ, “నాకెందుకే, నాకెందుకే” అని చేతులడ్డం పెట్టింది. నాన్న పోయాక ఆవిడ తలలో ఒక్క మల్లెమొగ్గ పెట్టుకోలేదు. పిల్లకి అవేం తెలుసు? చేతుల సందులోంచి దూర్చి నెత్తిమీద పెట్టేసింది. కాస్త వదులు. అమ్మ రెండు నిమిషాలు అలా నిలువుగా కూర్చుంది, తీసెయ్యడానికి సమయం చూస్తున్నట్టు.

తీయలేదు. భోజనాలయ్యాక ఎవరు వద్దన్నా వినకుండా సింకుదగ్గరికి వెళ్ళి, చీర చెంగు బిగించి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, కిరీటంతోనే. కిటికీ బయట మళ్ళీ మంచు పడుతోంది. వంగినప్పుడల్లా కిరీటం కళ్ళమీదికి జారుతోంది. చేతులనిండా సబ్బునురగ. పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్న మరదలు చూసి, ఒక వేలితో పైకి నెట్టింది. మళ్ళీ జారింది. నేను గుమ్మందగ్గరే ఉన్నాను గాని అమ్మ నావైపు తిరగలేదు. కోడలితోనే అంది:

“కాస్త వెనక్కి పెట్టవే.”